మేకుకు వేలాడిన మౌసు

నా రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉండగా, డిసెంబరు నెల మొదటి సోమవారం ఉదయం, నన్ను ‘పందిరి’ ఆరో వెర్షనుకు రిలీజ్ మేనేజరుగా వేశారు. వేశారంటే పైనుంచి ఆర్డరేమీ రాలేదు. ఆ పూట ఆన్‌లైన్ మీటింగుకు నేను ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి మిగతా నలుగురూ నా పేరు రాసేసి, టీ తాగడానికి లేస్తున్నారు. ఓపెన్‌సోర్స్‌లో నియామకాలు చాలావరకు ఇలాగే జరుగుతాయి.

పందిరి అనేది ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్. వెబ్‌సైటు కట్టేవాళ్లు ప్రతిసారీ గుంజలు పాతుకోవడం దగ్గరనుంచి మొదలుపెట్టకుండా, ముందే నిలబెట్టి ఉంచిన చట్రం అన్నమాట. ఓపెన్‌సోర్స్ కాబట్టి దాన్ని ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, ఎవరైనా తిట్టవచ్చు. నా అనుభవంలో జనం మూడో హక్కునే ఎక్కువగా వాడుకున్నారు.

నాకు జీతమిచ్చింది మాత్రం గుంటూరు బ్రాడీపేటలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కింద పళ్ల డాక్టరు, పైన మేము. చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేసిచ్చేవాళ్లం. అదంతా పందిరి మీదే నడిచేది కాబట్టి, రోజులో ఒక పూట పందిరి పని చూసుకోమని మా యజమాని నన్ను వదిలేశాడు. కింద మిషను గుయ్యిమంటుంటే పైన కోడ్ రాసుకునేవాళ్లం. కొత్త కస్టమర్లు దవడ పట్టుకుని మెట్లెక్కి, మమ్మల్ని చూశాక ఊపిరి పీల్చుకునేవాళ్లు.

రిలీజ్ మేనేజరుగా నాకు అప్పగించిన పని ఒక్కటే, కొత్త జావాస్క్రిప్ట్ లైబ్రరీని ఎంచుకోవడం. పేజీ మీద బటన్ నొక్కితే జాబితా విచ్చుకోవడం, తేదీ అడిగినచోట క్యాలెండరు తెరుచుకోవడం లాంటివన్నీ చేసిపెట్టే రెడీమేడ్ కోడునే లైబ్రరీ అంటాం. అప్పటిదాకా వాడుతున్న లైబ్రరీని రాసినాయన ఏ దేశంవాడో నాకు తెలియదు. ఒకరోజు తన పేజీలో రెండు వాక్యాలు పెట్టాడు. ఇక దీన్ని చూసుకోవడం నా వల్ల కాదు, తేనెటీగలు పెంచుకుంటున్నాను అని. ఇన్నేళ్లు మా బరువంతా మోసినవాణ్ణి ఏమనగలం? కానీ అలా వదిలేసిన కోడులో రేపు ఏదైనా లొసుగు బయటపడితే పూడ్చేవాడుండడు. ఫిబ్రవరిలో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు రావడం మొదలవుతుంది. ఆలోపు మార్చేయాలి.

ఈ వార్త ఎలా పాకిందో గానీ, వారం తిరక్కుండానే పెదకాకాని నుంచి మార్తమ్మ గారు ఫోన్ చేశారు. ఆమె అక్కడి ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. వచ్చిన ప్రతి లారీకీ రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలెన్ని, ఏ గదిలో పెట్టాలి అన్నవి కంప్యూటర్లో ఎక్కించి రసీదు ఇవ్వడం ఆమె పని. టిక్కీ అంటే మిర్చి బస్తా. పదో తరగతి చదివి, మా సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షను నుంచీ అదే కుర్చీలో కూర్చున్న మనిషి.

“మేడమ్ గారూ, మీరేదో మారుస్తున్నారంటగా. మా ఓనరుగారు అంటున్నారు, కొత్తది నాకు రాకపోతే డిగ్రీ చదివిన అమ్మాయిని పెట్టుకుంటారంట. ఆయన్నేం తప్పుపట్టనులెండి, లారీలు ఆగితే ఆయనకి ఇబ్బందే. మీరు మాత్రం కాస్త నన్ను గుర్తుపెట్టుకుని మార్చండి” అన్నారు.

తప్పకుండా అన్నాను. ఫోన్ పెట్టేసి, ఆమెను గుర్తుపెట్టుకోకుండా పద్నాలుగు పేజీల ప్రతిపాదన రాశాను.

ఇక్కడ పద్ధతి చెప్పాలి. పందిరిలో ఏ పెద్ద మార్పుకైనా ముందు ప్రతిపాదన రాయాలి. అందులో కనీసం మూడు లైబ్రరీలను పోల్చాలి. రెండు వారాలు చర్చ, తరువాత ఓటు. ఇష్టమైతే ప్లస్ వన్, వద్దంటే మైనస్ వన్. సభ్యులందరూ వేయవచ్చు. అయితే కోడులో మార్పులు కలిపే హక్కు ఉన్నవాళ్లను కమిటర్లంటాం. అప్పుడు ఐదుగురం. ఓటింగులో ఏది గెలిచినా సరే, ఒక్క కమిటరు సాంకేతిక కారణం చూపించి మైనస్ వన్ వేస్తే ఆ మార్పు ఆగిపోతుంది. ‘నాకు నచ్చలేదు’ అనేది సాంకేతిక కారణం కాదు. ఈ మాట నిబంధనల్లో అచ్చంగా ఇలాగే రాసి ఉంది. ఎందుకు రాయవలసి వచ్చిందో చదివేవాళ్లు ఊహించుకోవచ్చు.

మూడు లైబ్రరీల అసలు పేర్లు నేను చెప్పను. వాటి అభిమానులు ఇంకా ఓపికగానే ఉన్నారు. మొదటిది నాకు నచ్చింది. దాని క్యాలెండరు చూస్తే కళ్లు తిప్పుకోలేం. తేదీని మౌసుతో పట్టి లాగితే సిల్కు చీర మడత జారినట్టు జారేది. రెండోది తాడేపల్లిలో ఉండే శ్రీహరి బలపరిచింది. అతను కమిటర్లలో కిలోబైట్ల మనిషి. టీలో చక్కెర కూడా తూచి వేసుకునే రకం. ఆ లైబ్రరీ చాలా చిన్నది కాబట్టి చాలా గొప్పదని అతని వాదన. మూడోదాన్ని ఎవరూ అడగలేదు. మూడు ఉండాలన్నారు కాబట్టి నేనే ఎక్కడనుంచో వెతికి చేర్చాను. ఎవరో ఇద్దరు కలిసి చూసుకుంటున్నారు. బటన్లన్నీ బూడిదరంగు. చూడగానే ఏదో దరఖాస్తు నింపుతున్నట్టు నీరసం వచ్చేది.

ఇంకో కమిటరు ప్రభుదాసు. ఒంగోలు దగ్గర కాలేజీలో కంప్యూటర్ల లెక్చరరు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజుల్లో మా మీద విసుక్కుంటాడు. “మేడమ్ గారూ, రెండూ నిన్నగాక మొన్న పుట్టినయ్యే. మీరూ శ్రీహరీ కొట్టుకుని అలిసిపోయాక నాకు చెప్పండి” అన్నాడు.

కొట్టుకున్నాం. చర్చ రెండో రోజుకే శ్రీహరి నా క్యాలెండరును పెళ్లిమండపం అన్నాడు. నేను అతని లైబ్రరీని అగ్గిపెట్టె అన్నాను. ఊరూ పేరూ లేని సభ్యులు అటు కొందరు, ఇటు కొందరు చేరిపోయారు. పేరు చూసి ఓటేసేవాళ్లే గానీ పని చూసి వేసేవాళ్లు లేరని నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు నా ముప్పై ఏళ్ల అనుభవంలోకెల్లా తెలివైన ఆలోచన వచ్చింది. వచ్చిందనే అనుకున్నాను.

మూడు లైబ్రరీలతో అచ్చం ఒకేలాంటి పని చేసే మూడు నమూనా పేజీలు తయారుచేస్తాను. పేర్లు దాచేస్తాను. అందరూ మూడూ వాడి చూసి, మారుపేరుకు ఓటు వేస్తారు. ఎవరి మీదా అభిమానం ఉండదు.

మారుపేర్లుగా ఎ, బి, సి అన్నాను. ‘ఎ’ అంటే ఫస్టు గ్రేడులా ఉందని శ్రీహరి ఒప్పుకోలేదు. ఒకటి, రెండు, మూడు అన్నాను. అదీ అంతేనన్నాడు. ఒరేయ్ అనబోయి ఆపుకున్నాను. ఆ సమయంలో నా స్క్రీను మీద కోల్డ్ స్టోరేజీ రసీదు ఫారం తెరిచి ఉంది. అందులో ‘రకం’ అన్న గడి దగ్గర జాబితా విచ్చుకుని ఉంది. తేజ, బాడిగ, 334. అవే పెట్టేశాను. మిర్చి రకాల్లో పెద్దా చిన్నా ఏముంటుంది అనుకున్నాను. గుంటూరులో పుట్టి, గుంటూరులో పెరిగి, గుంటూరులో ఉద్యోగం చేస్తూ ఈ మాట అనుకున్నాను.

ఏ లైబ్రరీకి ఏ పేరో చీట్లు రాసి, కింద పళ్ల డాక్టరు దగ్గరున్న నర్సు చేత తీయించాను. నా క్యాలెండరుకు తేజ వచ్చింది. శ్రీహరి అగ్గిపెట్టెకు బాడిగ. మిగిలిన బూడిదరంగుదానికి 334.

ఓటింగు మొదలైన గంటకే అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. రాయడానికి ఇచ్చిన చోటు పేజీల పనితీరు గురించి. వచ్చినవి ఇవి. ‘తేజకు తిరుగులేదు, ఘాటూ ఉంది, గిరాకీ ఉంది.’ ‘బాడిగ రంగే గానీ కారం ఏదండీ?’ ‘ఈ యేడు తేజకు తామరపురుగు ఎక్కువగా ఉంది, ఇప్పుడు దిగడం మంచిది కాదు.’ ‘పచ్చడికి 334నే, ఇందులో చర్చేముంది?’ బెంగళూరు సభ్యులు ఇద్దరు, అది తమవైపు రకమని కాబోలు, బాడిగకు వేశారు. వినుకొండ నుంచి ఒకాయన, మూడూ కాదు, మా నాటు రకాన్ని ఎందుకు పెట్టలేదని నిరసన తెలిపాడు.

శ్రీహరి తేజకు ప్లస్ వన్ వేశాడు. అతని అత్తవారు సత్తెనపల్లి దగ్గర తేజ వేస్తారు. ఇంట్లో బాడిగకు ఓటేశానని తెలిస్తే అన్నం పెట్టరని తరువాత నాతో ఒప్పుకున్నాడు. అంటే తాను రెండు వారాలు గొంతు చించుకుని సమర్థించిన లైబ్రరీకి వ్యతిరేకంగా, తనే ఓటేశాడు. ప్రభుదాసు అయితే పేజీ తెరవకుండానే 334 అన్నాడు. “మా నాన్న నలభై ఏళ్లు వేశాడండీ. ఒక్క యేడు కూడా మోసం చెయ్యలా” అన్నాడు.

సర్వరు లాగు అని ఒకటి ఉంటుంది. ఎవరు ఏ పేజీ ఎప్పుడు తెరిచారో అందులో నమోదవుతుంది. తీసి చూశాను. ఓటేసినవాళ్లలో నమూనా పేజీలు తెరిచింది నలుగురు. వాళ్లలో నేనొకదాన్ని.

తేజ భారీగా గెలిచింది. ఇక్కడ నా సంగతి నిజం చెప్పుకోవాలి. ఆ ఓటింగు ఎంత దండగమారిదో నాకు తెలుసు, లాగు నా కళ్లముందే ఉంది. కానీ గెలిచింది నా లైబ్రరీ. పద్ధతి సరిగ్గానే ఉందని, ప్రజల తీర్పును గౌరవించాలని, మీటింగు నివేదికలో రాశాను. తేజను కోడులో కలపడానికి శుక్రవారం ముహూర్తం పెట్టాను. కలిపే ముందు వాడేవాళ్ల దగ్గర ఒకసారి చూపించి సంతకం తేవాలన్న నియమం ఉంది. అది లాంఛనమే కదా అని, గురువారం ఉదయం ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి పెదకాకాని వెళ్లాను.

ఇన్నేళ్లలో ఆ కోల్డ్ స్టోరేజీకి నేను వెళ్లడం అదే మొదటిసారి. ఫోన్లో మాట్లాడటమే గానీ చూసింది లేదు. అప్పటికే పాత సరుకు బయటికి తీస్తున్నారు. కాంపౌండు గేటు దాటగానే నాలుగు తుమ్ములు తుమ్మాను. మార్తమ్మ గారి ఆఫీసంటే కాటా పక్కనే ఒక బల్ల, కుర్చీ, కంప్యూటరు. అన్నిటి మీదా ఎర్రటి దుమ్ము. గోడకు ఒక మేకు. ఆ మేకుకు, పాలిథిన్ కవరులో కట్టి, మౌసు వేలాడుతోంది. దాని తోక కిందికి వచ్చి కంప్యూటరుకు తగిలించి ఉంది.

ఇదేమిటండీ అన్నాను.

“మూడు చచ్చినయ్ మేడమ్ గారూ, ఘాటుకి. నాలుగోది అట్టా దాచాను” అన్నారు మార్తమ్మ గారు. చెబుతూనే కుడిచెయ్యి ఒక బస్తా మూలలోంచి లోపలికి దోపి, గుప్పెడు కాయలు తీసి, నలిపి తేమ చూశారు. ఎడమచేత్తో కీబోర్డు మీద టకటకా నొక్కారు. ట్యాబ్, బాణం, ఎంటర్. ట్యాబ్, అంకె, ఎంటర్. స్క్రీను వైపు చూడటం కూడా లేదు. రసీదు ప్రింటరులోంచి వచ్చేసింది. కుడిచెయ్యి ఎప్పుడూ మిర్చిలోనే ఉంటుంది కాబట్టి అది దేన్నీ ముట్టుకోదు. పనంతా ఎడమచేతి వేళ్లది.

మేకు మీది మౌసు వైపు ఇంకోసారి చూశాను. పైకి గంభీరంగా ల్యాప్‌టాప్ తెరిచి, తేజ పేజీ పెట్టాను. ఓనరు వెంకట్రామయ్య గారు కూడా వచ్చి నిలబడ్డారు. పెద్దమనిషి, మర్యాదస్థుడు. ఆఫీసరుగారు వచ్చారని గుప్పెడు కాయలు నా చేతిలో పోసి, రంగు చూడమన్నారు. నేనూ మర్యాదకు నాలుగు నలిపి, బ్రహ్మాండంగా ఉన్నాయన్నాను.

మార్తమ్మ గారు ట్యాబ్ నొక్కారు. క్యాలెండరు విచ్చుకుంది. అందరం మెచ్చుకున్నాం. మళ్లీ ట్యాబ్ నొక్కారు. తేదీ మీదనుంచి తేదీ మీదికి వెళ్లింది. మళ్లీ నొక్కారు. నెలంతా తిరిగి మొదటి తేదీకే వచ్చింది. ఇంకో రెండు చుట్లు తిప్పారు. ఎంటరుకు పలకలేదు. బయటికి దారి లేదు. తేదీని మౌసుతో పట్టి లాగితే తప్ప ఆ క్యాలెండరు వదలదని, లాగడం ఒక్కటే తెలిసిన నేను ఏనాడూ చూసుకోలేదు.

“ఇది గానుగెద్దులాగా ఇక్కడిక్కడే తిరుగుతాందండీ” అన్నారామె. గొంతు తగ్గింది. ఓనరుగారి వైపు చూడకుండా బల్ల వైపు చూస్తున్నారు. అవతల ఒక లారీ హారను కొట్టింది. వెంకట్రామయ్య గారు గడియారం చూసుకుని, “మార్తమ్మా, నేను ముందే చెప్పాగా” అన్నారు. కోపంగా కూడా అనలేదు. అదే నాకు భయం వేసింది.

నాకు కంగారు పుట్టింది. ఏం లేదండీ, చాలా తేలిక, మౌసుతో ఇలా అంటే చాలు అంటూ మేకు మీది కవరు విప్పి, మౌసు తీసి, ల్యాప్‌టాప్‌కు తగిలించి, తేదీని పట్టి లాగి చూపించాను. జారింది, సిల్కులాగే. ఆ ఆనందంలో నుదుటి మీద చెమట తుడుచుకున్నాను. తరువాత కళ్లు తుడుచుకున్నాను.

అమ్మబాబోయ్! ఇంతకు మించి రాయడం నా హోదాకు తగదు. బల్ల పట్టుకుని అరిచానని, ఎగిరానని, హమాలీలు పని ఆపి వచ్చి చూశారని మాత్రం చెబుతాను. మార్తమ్మ గారు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చెంబులతో నీళ్లు కొట్టారు. చేతులకు ఎవరి క్యారేజీలోదో పెరుగు రాశారు. “కళ్లు నలపమాకండి, నలపమాకండి, చెబుతాంటే వినరే!” అని చిన్నపిల్లను కసిరినట్టు కసిరారు.

కళ్లు మూసుకుని అలా కూర్చుని ఉండగా నాకు ఒక శబ్దం వినిపించింది. ఎడమచేతి టకటక. ఆమె నా ల్యాప్‌టాప్‌లో మిగతా రెండు పేజీలూ తనే తెరుచుకున్నారు. ఎవరూ చెప్పలేదు. బాడిగ దగ్గర టకటక మొదలై వెంటనే ఆగింది. జాబితా అసలు తెరుచుకోలేదట. తరువాత 334. టక్, టక్, టకటక, టక్. ఆగడం లేదు. రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు, గది, తేదీ.

“ఇది పోతాందండీ!” అన్నారు మార్తమ్మ గారు. “మేడమ్ గారూ, ఇది పోతాంది! పాతదానికంటే జోరుగా పోతాంది!”

ఆ బూడిదరంగు లైబ్రరీ రాసిన ఇద్దరూ అందం పట్టించుకోలేదు గానీ, ప్రతి గడిలోకీ కీబోర్డుతో వెళ్లే దారీ వచ్చే దారీ పెట్టి ఉంచారు. అది వాళ్ల పత్రాల్లో మొదటి పేజీలోనే రాసి ఉంది. పోల్చిచూసిన నేను మొదటి పేజీ చదవలేదు.

వెంకట్రామయ్య గారు కాసేపు అటు ఆమె వేళ్లనీ, ఇటు నన్నూ చూశారు. నేను చూడలేదు, ఆ తరువాత విన్నాను. ఆయన అన్న మాట మాత్రం నా చెవులతోనే విన్నాను. “అంత చదువుకున్న మేడమ్ గారే మౌసు పట్టుకుని ఏడుస్తాంటే, డిగ్రీ పిల్లనొకదాన్ని తెచ్చి నేనేం చేసుకోను? నువ్వే ఉండు మార్తమ్మా. ముందు ఆ లారీ సంగతి చూడు.”

మార్తమ్మ గారు వెంటనే వెళ్లి లారీ సంగతి చూశారు. నాకు మాత్రం పెరుగు చేతులతోనే ఏడుపొచ్చింది. కళ్లు ముందే కారుతున్నాయి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

శుక్రవారం ఉదయం, నేను రాసి, నేను వాదించి, నేను గెలిపించిన ప్రతిపాదన మీద నేనే మైనస్ వన్ వేశాను. పందిరి చరిత్రలో అలా జరగడం అదే మొదలు. కారణం గడిలో ‘కీబోర్డుతో లోపలికి వెళ్లినవాళ్లు బయటికి రాలేరు’ అని రాశాను. ఆధారం చూపమని శ్రీహరి అడిగాడు. నిబంధన ప్రకారం అడగవలసిందే. ఉబ్బిన నా కళ్ల ఫొటో జతచేశాను. అతను అయిదు నిమిషాల్లో మద్దతు తెలిపాడు. అతని లైబ్రరీ సంగతీ చెప్పాను. బాడిగ తనదేనని తెలిశాక రెండు రోజులు మాట్లాడలేదు.

రెండూ పోగా మిగిలిన 334 ఆరో వెర్షనులో చేరింది. ప్రభుదాసు ఫోన్ చేసి, “మా నాన్న చెప్పిందే నిజమైంది చూశారా మేడమ్ గారూ” అన్నాడు. అది లైబ్రరీ అని నేను గుర్తుచేశాను. ఏదైతేనేమండీ అన్నాడు.

ఆ తరువాత పందిరి నియమాల్లో రెండు వాక్యాలు చేర్చాం. ఏ లైబ్రరీనైనా మౌసు ఊడదీసి, రోజంతా దాన్ని వాడబోయే మనిషి చేత పరీక్షించాలి. మారుపేర్లుగా తినే వస్తువుల పేర్లు పెట్టకూడదు. రెండోది ఎందుకుందని కొత్త సభ్యులు ఇప్పటికీ అడుగుతుంటారు. గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లు మాత్రం అడగరు. పరీక్షించినవారి జాబితాలో మార్తమ్మ గారి పేరు మొదట ఉంటుంది.

నేను రిటైరైన రోజున పెదకాకాని నుంచి ఒక పొట్లం వచ్చింది. మేకుకు వేలాడిన ఆ మౌసు, అదే కవరులో. ఇక్కడ దీనితో పనిలేదు, మీకు ఉపయోగపడుతుందని చీటీ. నేనింకా కవరు విప్పలేదు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇంతే. లైబ్రరీని ఎంచుకునే ముందు, దాన్ని వాడే మనిషి పక్కన కుర్చీ వేసుకుని ఒక పూట కూర్చోవాలి. కూర్చున్నంతసేపూ ఏమీ ముట్టుకోకూడదు.